రెండోది ఉన్నదా?

ఇట్ల మంట దగ్గరికి జరుగుండ్రి. మాఘమాసం వచ్చినా సలి ఇంక ఇడుస్తలేదు. పొద్దుగూకినప్పటి సంది మీరు ఆ సంచుల ముంగట కూసొని ఇది పెడదామా, అది తీద్దామా అని వాదులాడుకునుడు నేను ఇంటనే ఉన్న. రేపటి లగ్గానికి ఏమేం మోసుకపోవాలె అనేది మీ ఒక్కల పంచాతి కాదు బిడ్డా. కెమెరా పుట్టినకాన్నుంచి ఈ పంచాతి ఉన్నది. నాకు తెలిసినకాడికి చెప్త, ఇనుండ్రి. చిన్నోడా, ఆ మోటు కట్టె జర లోపటికి నూకు.

మొదలు మన నిజాం రాజ్యం ముచ్చటే చెప్త. రాజా దీన్‌దయాళ్ పేరు మీరు ఇనే ఉంటరు. మీరట్ దిక్కు సర్ధనాల 1844ల పుట్టిండు. రూర్కీల ఇంజనీరింగ్ సదివి, ఇండోర్‌ల సర్కారు కొలువు చేసుకుంట 1870లల కెమెరా పట్టిండు. అప్పుడు తడి ప్లేట్ల పద్ధతి నడుస్తుండె. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు మందు పూసి, చీకట్ల వెండి మందు నీళ్లల్ల ముంచి, తడి ఆరకముందే కెమెరాల పెట్టి బొమ్మ తీయాలె. తీసిన ఎంటనే మళ్ల చీకట్లకు ఉరికి కడగాలె. ఇదంత పది పదిహేను నిమిషాల్ల అయిపోవాలె. పలక ఆరిందంటే ఆ బొమ్మ లేనట్టే. అంటే ఫొటో తీసేకాడికి చీకటి గది కూడ ఎంబడి రావాలె. గుడారం, మందుల సీసలు, నీళ్లు, పలకల పెట్టెలు, కట్టె కెమెరా, మూడు కాళ్ల స్టాండు. పది అంగుళాలకు పన్నెండు అంగుళాల గాజు పలక ఒక్కటి అర కిలో దాక తూగుతది. ఇరవై పలకలు పెట్టుకుంటే వట్టి గాజే పది కిలోలు. ఒక గుడి బొమ్మ కావాలంటే బండ్లు కట్టాలె, కూలోళ్లు మోయాలె.

గ్రిఫిన్ అనే ఇంగ్లీషు దొర ఎంబడి 1882, 83లల దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్ అంత తిరిగి కోటలు, గుళ్లు తీసిండు. ఆ తర్వాత మన దిక్కు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువుల చేరిండు. సికింద్రాబాద్‌ల స్టూడియో పెట్టిండు. నిజాం ఆయనకు ముసవ్వర్ జంగ్ అని బిరుదిచ్చిండు. 1905ల కాలం చేసిండు. ఆయన హైదరాబాద్ వచ్చేనాటికే పొడి ప్లేట్లు వచ్చినయి. అవి కార్ఖానాల తయారై డబ్బాలల్ల వచ్చేటియి. ఇయ్యాల తీసి, ఇంటికి పోయినంక ఎప్పుడన్న కడుక్కోవచ్చు. గుడారం, మందుల సీసలు ఇంటికాడనే ఉండిపోయినయి. ఫొటోగ్రాఫర్ నెత్తి మీదికెల్లి అంత బరువు ఒక్కసారి దిగుడు మళ్లెప్పుడు కాలేదు. రీలు వచ్చినప్పుడు కాలేదు, మీ డిజిటల్ వచ్చినప్పుడూ కాలేదు. నా లెక్క అది.

ఇగ మా ఉస్తాద్ సంగతికి వస్త. హన్మకొండ చౌరస్తా దగ్గర ఆయన స్టూడియో. నేను చేరేనాటికి నాకు మీసం గూడ రాలే. ఊడ్సుడు, నీళ్లు తెచ్చుడు, స్టాండు మోసుడు నా పని. అప్పటికి రీలు కెమెరాలు వచ్చి మస్తు రోజులాయె, గని పెద్దింటి లగ్గాలల్ల మొత్తం కుటుంబాన్ని వరుసగ నిలవెట్టి తీసే గ్రూప్ ఫొటోకు ఉస్తాద్ హాఫ్ ప్లేట్ కెమెరానే నమ్మేది. టేకు కట్టె డొల్ల, తోలు బెలోస్, ఎనుక మసక అద్దం, మీద నల్లగుడ్డ. హాఫ్ ప్లేట్ అంటే నాలుగు ముప్పావు అంగుళాలకు ఆరున్నర. కట్టె స్లైడు ఒక్కదాంట్ల అటొకటి ఇటొకటి రెండు ప్లేట్లు పడతయి. మూడు స్లైడ్లంటే ఆరు ప్లేట్లు. ఆరే ఫొటోలు. పిల్ల, పిలగాడు కుర్సీలల్ల ఒకటి. పిల్ల తరఫోళ్లు ఒకటి, పిలగాని తరఫోళ్లు ఒకటి. ముసలోళ్లు ఉంటే ఆళ్లకొకటి. గంతే. అంతకన్న ఎక్కువ ఎవ్వలూ అడగకపోతుండె.

అయితే ఉస్తాద్ ఎప్పుడూ నాలుగో స్లైడు పట్టుకొచ్చేది. ఆ రెండు ప్లేట్లు చాన లగ్గాలల్ల తీయకనే ఇంటికి వస్తుండె. నాకు ఆశ్చర్యం ఉండె. స్టాండు, పెట్టె, స్లైడ్లు అన్నీ మోసేది నేనే కద. ఓసారి అడిగిన, ఇది ఎందుకు ఉస్తాద్, వాడం కదా అని. గ్రూప్‌ల ఒకడు కదులుతడు, ఒకడు కండ్లు మూస్తడు, ప్లేటు మూలకు వెలుగు దూరుతది, గాజు పలుగుతది. మళ్ల రమ్మంటే ఆ కుటుంబం మొత్తం మళ్ల కూడుతదా అన్నడు. ఇల్లు ఇడిసేటప్పుడు ఆయన నన్ను అడిగేది ఒక్కటే మాట. ఒక్కొక్క సామాను మీద చెయ్యి పెట్టి, "రెండోది ఉన్నదా?" అని. ఉన్నదంటే సంచి కట్టాలె. లేదంటే ఎతికి తేవాలె. ఎన్ని రకాల కెమెరాలున్నయి, ఎన్ని రకాల లెన్సులున్నయి అని ఎన్నడూ అడగలే.

1970 దాటినంక యాషికా మ్యాట్ 124 జీ వచ్చింది. రెండు కండ్ల కెమెరా, మీదికెల్లి తొంగి చూసి తీసేటిది. 80 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే, మార్చేదానికి లేదు. దగ్గరికి కావాలంటే దగ్గరికి నడువాలె, దూరం కావాలంటే ఎనుకకు జరుగాలె. గోడ అడ్డమొస్తే ఆగాలె. ఒక్క కెమెరా కిలో మీద ఇంకింత. 120 రీలు వేస్తే పన్నెండు ఫొటోలు. మూడు రీళ్లు అంటే ఒక లగ్గం అయిపోయినట్టే. ఎదుర్కోళ్లకు ఒకటో రెండో, జీలకర్ర బెల్లం, పుస్తె కట్టుడు, తలంబ్రాలు, అరుంధతి నక్షత్రం, చుట్టాలు, అప్పగింతలు. ముప్పై ఆరు బొమ్మలల్ల మొత్తం లగ్గం కనబడాలె.

అప్పటి ఉస్తాద్ సంచి నా కండ్లల్ల ఇంక ఉన్నది. ఖాకీ బట్టతోని దర్జీ కుట్టిన సంచి. లోపల యాషికాలు రెండు, రెండిట్లనూ రీళ్లు ఎక్కించి ఉంటుండె. ఒక ఫ్లాష్, దాని బ్యాటరీ పెట్టె భుజానికి యాలాడదీసేది, అదే మస్తు బరువు. ఇంకో చిన్న ఫ్లాష్, సెల్లులతోని పనిచేసేటిది. సెల్లులు ఒక డబ్బాల, రీళ్లు ఒక డబ్బాల. మెత్తటి గుడ్డ. చిన్న స్క్రూడ్రైవర్. ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె, కరెంటు పోయిన ఇంట్ల సంచిల ఎతుక్కునేదానికి. సింక్ వైర్లు మూడు. గంతే, ఇంకేం లేకుండె. ఇగ ఆ సింక్ వైర్ల కథ చెప్పాలె, ఎందుకంటే ఇప్పటోళ్లకు ఆ బాధ తెల్వది.

కెమెరాకూ ఫ్లాష్‌కూ నడుమ ఒక సన్న వైరు ఉంటుండె. జానెడు, జానెడున్నర. బటన్ ఒత్తినప్పుడు ఆ వైరుల నుంచి సైగ పోయి ఫ్లాష్ వెలుగుతది. దాని మొగ్గ చిన్నది, వదులు. కొస కాడ మడుత పడి పడి లోపటి తీగ తెగుతది. పైకి చూస్తే బాగనే కనబడ్తది. కెమెరా కిర్రుమంటది, ఫ్లాష్ మాత్రం వెలగది. ఇన్ని వేలు పెట్టి కొన్న కెమెరా, అంత బరువు బ్యాటరీ, అన్నీ సక్కగ ఉన్నా ఆ జానెడు వైరు తెగితే మొత్తం పని ఆగుతది. సంచిల అన్నిటికన్న తేలికది, అన్నిటికన్న అగ్గువది అదే. ముందుగాల ఆగేది గూడ అదే.

పరకాల దిక్కు ఒక ఊర్ల రాత్రి లగ్గం. పంతులు గడియారం చూసుకుంట తొందర వెడ్తున్నడు. తెర అడ్డం పట్టిండ్రు. పిల్ల చేయి, పిలగాని చేయి జీలకర్ర బెల్లంతోని లేచినయి. ఉస్తాద్ ఒత్తిండు, ఫ్లాష్ వెలగలే. బాజాలోళ్లు ఎత్తుకున్నరు, తెర దించిండ్రు. ఆ చేతులు నెత్తుల మీద ఉండేది ఎంతసేపు? ఆయన సంచి మొఖం గూడ చూడలే. అంగీ జేబుల చెయ్యి పెట్టిండు, రెండో వైరు తీసిండు, పాతది పీకి కింద పడేసిండు, కొత్తది గుచ్చిండు. వెలుగు పడ్డది. ఆ ఫొటో ఆ ఇంట్ల గోడకు ఇప్పటికీ ఉన్నదని ఈ మధ్యన ఆ ఊరోళ్లు చెప్పిండ్రు. రెండోది ఉండుడు ఒక్కటే సరిపోదు బిడ్డా, ఎక్కడ ఉన్నదో చేతికి తెలవాలె. మూడు వైర్లల్ల ఒకటి కెమెరాకు, ఒకటి జేబుల, ఒకటి సంచిల. ఏండ్ల తరబడి ఆయనకు అదే కాయిదా.

ఇది మన ఊర్ల ముచ్చటే అనుకోకుండ్రి. మార్గరెట్ బోర్క్-వైట్ అని అమెరికా ఆమె, లైఫ్ పత్రికకు తీసేది. 1946ల గాంధీ చరఖా పక్కన కూసొని కాయితాలు సదువుకునే ఫొటో తీసింది ఆమెనే. అక్కడోళ్లు ఆమెకు మూడంటే మూడు ఫ్లాష్ బల్బులకే ఒప్పుకున్నరట. అప్పటి బల్బు ఒక్కసారి వెలిగితే ఆరిపోతది, ఒక ఫొటోకు ఒక బల్బు. మొదటి రెండు సార్లు ఫొటో దక్కలే. మూడోదానికి దక్కింది. లోకమంత చూసిన ఆ బొమ్మ మూడో బల్బు పుణ్యం. ఒక్క బల్బుకే ఒప్పుకొని ఉంటే మనకు ఆ ఫొటో లేకపోతుండె.

మన దేశంల పత్రికలకు ఫొటోలు తీసిన మొదటి ఆడమనిషి హోమాయి వ్యారవాలా. 1913ల నవ్సారిల పుట్టిన పార్సీ ఆమె. 1942 సంది ఢిల్లీల పని చేసింది. చీర కట్టుకొని, సైకిల్ మీద, ఆ బరువు స్పీడ్ గ్రాఫిక్ కెమెరా ఏసుకొని తిరిగేది. అది చేతిల పట్టుకొని తీసే కెమెరానే గని నాలుగుకు ఐదు అంగుళాల ఫిల్ము ఒక్కొక్క హోల్డర్‌ల రెండే ఉంటయి. ఫొటో ఫొటోకు హోల్డర్ తిప్పాలె, ఫ్లాష్ బల్బు మార్చాలె. కాలిన బల్బు చెయ్యి సురుక్కుమంటది. నెహ్రూ కదులుతుంటే, మౌంట్‌బాటెన్ కదులుతుంటే, సుట్టూ మొగోళ్లు తోసుకుంటుంటే గిదంత చేసింది ఆమె. మీరు సెకండ్‌కు పది తీస్తరు. ఆమెకు ఒక్కటే తీసే సందు దొరికేది. ఆమె మోసిన బరువుకూ, చేసిన పనికీ దండం పెట్టాలె.

మీల ఎవడో పొద్దుగాల అన్నడు, ఆ ఫ్రాన్స్ ఆయన కార్టియె బ్రెసాన్ చిన్న లైకా ఒక్కటి పట్టుకొని లోకమంత తిరిగిండు, మనకెందుకు ఇంత సామాను అని. నిజమే, ఆయన ఎక్కువగ 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే పని చేసిండు. 1948ల గాంధీ సచ్చిపోయే ముందు గూడ తీసిండు, అంత్యక్రియలూ తీసిండు. ఆయన గొప్పోడు కాదని ఎవడంటడు? గని ఒక్కటి ఆలోచించు. ఆయన బజారు మీద నడుస్తడు, ఏది కంటికి ఆనితే అది తెచ్చుకుంటడు. ఈ సందుల దొరకకపోతే ఇంకో సందుల దొరుకుతది. నువ్వు అట్ల కాదు. ఒక అయ్యకు మాటిచ్చినవు, ఆయన బిడ్డ మెడల పుస్తె పడేది నాకు అప్పజెప్పు అని పైసలు తీసుకున్నవు. అది ఆ మంటపం కింద, ఆ నిమిషంల, ఒక్కసారే అయితది. నీకు నచ్చింది తెచ్చుకునేదానికి ఒక కెమెరా సాలు. మాట నిలవెట్టుకునేదానికి రెండు కావాలె. ఎంత మోయాలె అనేది నీ ముచ్చట మీద కాదు, నువ్వు ఎవలికి ఏం మాటిచ్చినవో దాని మీద ఉంటది.

మేడారం జాతర సంగతి చెప్పకపోతే ఈ ముచ్చట సగమే అయితది. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారక్క జాతర. 1996ల సర్కారు దాన్ని రాష్ట్ర పండుగ చేసింది, గని జనం ఎన్కటి సంది ఎడ్లబండ్లు కట్టుకొని అడివిలకు పోయేటోళ్లు. మా స్టూడియో నుంచి గూడ పోతుంటిమి. పనులు రెండు రకాలు. గద్దెల బయట పందిరి వేసి, రంగుల తెర కట్టి, బంగారం పట్టుకొని వచ్చినోళ్లకు కుటుంబం ఫొటోలు తీసుడు ఒకటి. అక్కడ బెల్లాన్నే బంగారం అంటరు, మీకు తెలిసిందే. ఆ పందిరి కింద ఎంత సామానైనా పెట్టుకోవచ్చు, స్టాండు, గొడుగు, పెట్టెలు, పరవాలేదు. మా పక్క పందిరిల ఒకాయన డబ్బా కెమెరా పెట్టేది. కట్టె డబ్బానే కెమెరా, దాని లోపలనే మందు నీళ్లు. పక్కనున్న గుడ్డ గొట్టంల నుంచి చెయ్యి పెట్టి లోపలనే కాయితం కడిగి, ఆ ఉల్టా బొమ్మకు మళ్ల ఫొటో తీసి సీదా చేసి తడి తడిగ చేతిల పెట్టేది. మొత్తం స్టూడియో, చీకటి గది, అన్నీ మూడు కాళ్ల మీద నిలవడ్డయి. నేను గంటలు గంటలు దాన్నే చూస్తుంటి.

రెండో పని వేరు. చిలకలగుట్ట మీదికెల్లి సమ్మక్కను తెచ్చేటప్పుడు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చేటప్పుడు తొవ్వ పక్కన నిలవడి తీయాలె. సమ్మక్క వచ్చేటప్పుడు పోలీసు దొర తుపాకి గాలిల పేల్చి మొక్కుతడు. ఇగ ఆ జనం ఒక్కసారి కదుల్తరు. చెయ్యి మీదికెత్తితే కిందికి దించేదానికి జాగుండది. అట్లాంటి కాడ కింద సంచి పెడితే మళ్ల దొరుకుతదా? లెన్సు మార్చే సందు ఉంటదా? లేచే దుబ్బ చూసినోళ్లకు తెలుసు, కెమెరా మూత తీసినవంటే లోపటంత ఎర్రటి దుబ్బే. పన్నెండు ఫొటోలైనంక రీలు మార్చాలంటే గూడ చేతులు రెండూ కావాలె, తెలివి నిలవడి ఉండాలె. గందుకే ఉస్తాద్ మెడల ఒక యాషికా, నడుముకు ఇంకో యాషికా, రెండూ నింపి. రీళ్లు జేబులల్ల, గుండీలు పెట్టి. సంచి పందిరి కాడనే. ఇరవై నాలుగు ఫొటోలు, ఎక్కడా ఆగకుండ. మీకు గూడ అదే చెప్త. ఒక కెమెరాకు మూడు లెన్సులు కాదు, రెండు కెమెరాలకు రెండు లెన్సులు. జాతరైనా లగ్గమైనా, సందు లేని కాడ మార్చుడు అనేదే పెట్టుకోవద్దు.

తర్వాత 35 మిల్లీమీటర్ల కెమెరాలు, రంగుల రీళ్లు వచ్చినయి. పెంటాక్స్ కే 1000, నికాన్ ఎఫ్ఎం 2. అవి రెండూ సెల్లు లేకున్నా కిర్రుమని పనిచేసేటియి. సెల్లు వెలుగు కొలిచేదానికే. వెలుగు చూసి లెక్క గట్టుడు వచ్చినోనికి సెల్లు సచ్చినా ఫికర్ లేకుండె. ఎఫ్ఎం 2 అయితే అర కిలో మీద కొంచెం, అంతే. రీలుకు ముప్పై ఆరు. లెన్సులు మార్చొచ్చు. నా లెక్కల మా పనికి అంత సుఖమైన కాలం అది. సంచి తేలిక, నమ్మకం గట్టిది. అప్పుడే ఒక దురాశ గూడ మొదలైంది. ఒకనికి జూమ్ ఉన్నదని ఇంకొకడు కొనుడు, ఇంకొకడు రెండు కొనుడు. లగ్గపోళ్లు గూడ పెద్ద లెన్సు ఉన్నోడే పెద్ద ఫొటోగ్రాఫర్ అనుకునుడు. సంచి చూసి మనిషిని కొలుసుడు అప్పుడు మొదలై ఇప్పటికీ ఆగలే. అది నాకు నచ్చది. నచ్చదని మొఖం మీదనే చెప్త.

ఇగ వీడియో వచ్చినంక మొత్తం మారింది. భుజం మీద పెట్టుకునే వీహెచ్ఎస్ కెమెరా, దానికి క్యాసెట్లు, బరువు బ్యాటరీలు, గజాల కొద్ది వైరు, వెయ్యి వాట్ల హాలోజన్ లైటు. కరెంటు పోతే జనరేటర్. ఒక్కడు మోసేది కాదు, నలుగురు కావాలె. ఆ లైటు పట్టుకునేది ఎవడు? పన్నెండు పదమూడేండ్ల పిలగాడు. తెల్లందాక చెయ్యి మీదికెత్తి నిలవడేది. దాని వేడికి మొఖం ఎర్రగ కమిలేది. వైరు కాళ్లకు తట్టుకుంటే తిట్లు వానికే. అందరూ తిన్నంక ఆఖరుకు అన్నం. బారాత్‌ల లైటు పట్టుకొనే నిద్రపోతున్న పిలగాండ్లను నేను చూసిన. సదువుకునే పిలగాండ్లు ఆళ్లు. మా సామాను పెరిగిందని మేము అనుకున్నం గని ఆ బరువు మా మీద పడలే, ఆళ్ల మీద పడ్డది. ఇయ్యాల గూడ మీ సంచి బరువు లెక్కపెట్టేటప్పుడు, మోసేది ఎవడో సూడుండ్రి. నువ్వే మోస్తే ఎక్కువ తక్కువలు నీ నడుమే చెప్తది. ఇంకోడు మోస్తే చెప్పేటోడు ఉండడు. సంచి పెద్దగైనకాడల్ల నేను ఈ మాటే అడుగుత.

నడుమంటే యాదికొచ్చింది. ఉస్తాద్ ఎడమ భుజం కుడి దానికన్న కిందికి వంగి ఉంటుండె. అంగీ కుట్టేటప్పుడు దర్జీ కొలత అటొకటి ఇటొకటి తీసుకునేది. అన్నేండ్లు ఒక్క దిక్కే బ్యాటరీ పెట్టె యాలాడదీసిన ఫలితం అది. నా నడుమంత వీడియో కెమెరా తిన్నది. మెడ ఎముకలు అరిగినయని డాక్టర్ చెప్పిండు. ఈ పనిల ఉన్న నా ఈడోళ్లల్ల నడుము నొప్పి లేనోడు నాకు తెల్వది. మనుషులు దీన్ని ముచ్చటించరు. ఫొటో మంచిగొచ్చిందా అనే అడుగుతరు.

మొన్న మన పెద్దోడు వంటింట్ల కాంటా తెచ్చి ఒక్కొక్కటి తూచి చూపెట్టిండు. అద్దం లేని ఈ కొత్త కెమెరాలు రెండు, ఒక్కొక్కటి ముప్పావు కిలోకు లోపలనే. 24-70 లెన్సు కిలోకు జర తక్కువ. 70-200 కిలోన్నర. చిన్న 35 లెన్సు పావు కిలో మీద కొంచెం. ఫ్లాష్‌లు రెండు. కెమెరా చిన్నగైంది గని లెన్సు చిన్నగ కాలే. అన్నీ కలిపి ఐదు కిలోలు. గిది నేను ఒప్పుకుంట. మంటపం దూరముంటే 70-200 కావాలె, ఇరుకు ఇంట్ల 35 కావాలె. గని దాని మీద ఇంకో మూడు లెన్సులు, రెండు గింబల్‌లు, డ్రోన్, నాలుగు ఎల్ఈడీ లైట్లు, ఇంకో ట్రాలీ సంచి. రేపటి లగ్గం ఇంటి వాకిట్ల, పందిరి కింద. తలకాయ మీద పందిరి ఉన్నప్పుడు డ్రోన్ దేన్ని తీస్తది? ఒక్కొక్క సామాను తీసి, ఇది ఏ గడియకు వాడుత అని మీకు మీరే పైకి చెప్పుకోండ్రి. ఎదుర్కోళ్లకా, తలంబ్రాలకా, బారాత్‌కా? గడియ పేరు చెప్పలేకపోతే అది ఇంటికాడ ఉండనీయి. గడియ పేరు చెప్పినవా, అయితే దాని రెండోది అడుగు. బ్యాటరీల రెండోది, కార్డుల రెండోది, ఫ్లాష్‌కు సెల్లుల రెండోది, ఫ్లాష్ రిమోట్ ఉన్నది సూడు, ఇప్పటి సింక్ వైరు అదే, దాని రెండోది. నీ సంచిల లెన్సులు ఆరున్నయి, రిమోట్ ఒక్కటే ఉన్నది. నేను సూడలేదనుకున్నవా?

ఇప్పటి కెమెరాలల్ల నాకు మస్తు నచ్చింది ఏందో తెలుసా? మెగాపిక్సెల్లు కాదు. కార్డులు రెండు పట్టుడు. ఒక్కసారి ఒత్తితే ఒకటే ఫొటో రెండు కార్డుల మీద పడుడు. మా ఉస్తాద్ ఉంటే ఆ రెండు సందులు చూసి ఎంత మురిసిపోయేటోడో. రీలు కాలంల రెండోది అనేది తీసేకాడి దాకనే. తీసినంక ఆ రీలు ఒక్కటే. అది పోతే పోయినట్టే. రంగుల రీళ్లు కడిగించేదానికి హైదరాబాద్ పంపాలె అప్పుడు. గందుకే ఉస్తాద్ ఎన్నడూ ఒక లగ్గం రీళ్లన్ని ఒక్క సంచిల పంపలే. ముహూర్తం రీలు తన అంగీ జేబుల ఉండేది, తనే రైలుల తీసుకపోయేది. మిగిలినయి ఇంకోరోజు పిలగాని చేతికిచ్చి బస్సుల పంపేది.

ఓసారి నర్సంపేట దిక్కు లగ్గం రీళ్లు అట్లనే పంపిండు. బస్టాండ్‌ల పిలగాడు నీళ్లు తాగేదానికి వంగిండు, లేచేవరకు సంచి లేదు. ఏడ్సుకుంట వచ్చిండు. ఉస్తాద్ వాన్ని ఒక్క మాట అనలే, అన్నం పెట్టించిండు. ఆ ఎదుర్కోళ్లు పోయినయి, చుట్టాలు పోయిండ్రు, అప్పగింతలు పోయినయి. ముహూర్తం రీలు ఉన్నది. ఆల్బం పట్టుకొని ఉస్తాద్ ఆ ఇంటికి పోయి, ఉన్నదున్నట్టు చెప్పిండు. పిల్ల తండ్రి ఆ పేజీలు ఒక్కొక్కటి తిప్పిండు. జీలకర్ర బెల్లం, పుస్తె, తలంబ్రాలు. చానసేపు తిప్పిండు. ఇంట్లకు పోయి ముసలమ్మను తోలుకొచ్చి చూపెట్టిండు. సగం పైసలే తీసుకుంటనని ఉస్తాద్ అంటే ఆయన ఒప్పుకోలే, మొత్తం ఇచ్చిండు. పైయేడు ఆయన రెండో బిడ్డ లగ్గానికి గూడ మమ్ములనే పిలిచిండు, అప్పగింతల ఫొటోలు ఈసారి రెండు రీళ్ల మీద తీయమన్నడు.